ఎవరికీ ఇవ్వకూడని తాళంచెవి

నేను ఒక తాళంకప్పను. ఆ మాట వినగానే బీరువాలూ, నగలూ, దొంగలూ మీ కళ్లముందు కదిలితే ఆ తప్పు మీది కాదు, మా జాతిది. మావాళ్లంతా సొమ్ముకు కాపలా కాసే ఉద్యోగస్తులే. నేను మాత్రం పుట్టిన దగ్గర్నించీ ఒక్క పైసాకు కాపలా కాసి ఎరగను. ఆగిన యంత్రాన్ని ఆగినట్టే ఉంచడం నా కొలువు. అరచేతిలో పడతాను. ఒళ్లంతా ఎర్ర ప్లాస్టిక్కు, నెత్తిన ఉక్కు కొంకి. నాకు తాళంచెవి ఒక్కటే. రెండోది చెయ్యరు. చేస్తే ఇక నేనెందుకు?

నాలుగు వేలమంది తోబుట్టువులతో ఒకే రోజు పుట్టి, అట్టపెట్టెలో ఓడెక్కి ఫిన్లాండు చేరాను. అక్కడ సరస్సు ఒడ్డున ఒక రొట్టెల ఫ్యాక్టరీ ఉంది. పిండి కలిపే మిక్సర్లు ఒక్కొక్కటీ మనిషి నిలువునా దిగేంత గంగాళం. లోపల రెండు ఉక్కు చేతులు. అవి తిరగడం మొదలుపెడితే పిండికీ మనిషికీ తేడా చూడవు. అందుకని అక్కడొక కట్టడి. లోపలికి దిగేవాళ్లు ముందు కరెంటు స్విచ్చు ఆపి, దానికి తమ తాళం వేసి, తాళంచెవి తమ జేబులో వేసుకుని దిగాలి. ఎంతమంది దిగితే అన్ని తాళాలు. చివరి మనిషి పైకొచ్చి తన తాళం తీసేదాకా ఆ యంత్రాన్ని కదిలించడం యజమాని తరం కూడా కాదు. మిగతా తాళాలను మనుషులు దొంగలకు భయపడి చేసుకున్నారు. నన్ను తమ మతిమరుపుకు భయపడి చేసుకున్నారు. ఈ ఒక్క విషయంలో వాళ్ల తెలివిని మెచ్చుకుంటాను.

మొదట పదకొండేళ్లు వెయిక్కో అనే ముసలి మెకానిక్కు దగ్గర ఉన్నాను. ఆయన నాతో ఒక్క మాటా మాట్లాడలేదు, తోటి మనుషులతోనూ మాట్లాడేవాడు కాదు గనుక నేనేమీ అనుకోలేదు. ఆయన రిటైరయ్యాక నా మీది పేరు గీకేసి కొత్త పేరు అంటించారు. దూస నవనీత. సిరిసిల్ల అమ్మాయి, ఇరవై మూడేళ్లు. ఆ దేశంలో ఇంజినీరింగు పైచదువు చదువుతూ, మూడు నెలల ఇంటర్నుషిప్పుకు మా ఫ్యాక్టరీకి వచ్చింది. మిక్సర్లు ఎంత వణుకుతున్నాయో కొలవడం ఆమె పని. నిజానికి మిక్సర్లకన్నా ఆమే ఎక్కువ వణికేది.

అన్నిటికీ భయమే. బస్సు ఎక్కాలంటే భయం, దిగాల్సిన చోట గంట నొక్కాలంటే భయం. ఎవరూ మాట్లాడకపోతే కోపమొచ్చిందేమోనని భయం. ఆ దేశంలో ఎవరూ మాట్లాడరు, అంచేత రోజంతా భయమే. అన్నిటికన్నా పెద్ద భయం ఇంటర్నుషిప్పు పోతుందేమోనని. అది పూర్తయిందని కాగితం రాకపోతే డిగ్రీ రాదు. నన్ను పోగొడితే ఏమంటారోనని రోజూ సంచిలో వేసుకుని గదికి తీసుకుపోయేది. అలా ఆమె అమ్మానాన్నలతో ఫోనులో మాట్లాడే మాటలు విని విని నాకు తెలుగు వచ్చింది. నాన్న మరమగ్గాల మనిషి. రోజూ చివర్లో ఒకటే మాట చెప్పేవాడు. “భయపడకు బిడ్డా. పని మంచిగ నేర్సుకో. పెద్దోళ్ల మాట మాత్రం తీసెయ్యకు.”

నన్ను ఆమె చేతికిచ్చింది హిల్కా. ముప్ఫై ఏళ్లుగా అక్కడ పనిచేస్తున్న ఎలక్ట్రీషియను, రక్షణ నియమాలు నేర్పేది ఆవిడే. అక్కడ ఎంత పెద్దవాళ్లనైనా పేరు పెట్టే పిలుస్తారు. నవనీతకు నోరు రాక “హిల్కా మేడం” అనేది. ఆవిడ చిరాకు పడేది.

“ఈ తాళంచెవి నీ ప్రాణం. ఎవరికీ ఇవ్వకు. నేనడిగినా ఇవ్వకు” అంది హిల్కా మొదటి రోజే.

“అట్లాగే మేడం” అని నవనీత తలూపింది. మనుషులు తలూపడం నేను చాలా చూశాను. తల చాలా తేలిగ్గా ఊగుతుంది.

ఆ పరాయి ఊళ్లో నవనీతకు భయం లేని చోటు ఒక్కటే, గంగాధర్ అన్న ఇల్లు. జగిత్యాల ఆయన. ఆమె చదివిన కాలేజీలోనే పదేళ్ల ముందు చదివి, ఇక్కడికొచ్చి, మా ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజరయ్యాడు. ఈ ఇంటర్నుషిప్పు ఇప్పించింది కూడా ఆయనే. ప్రతి ఆదివారం భోజనం వాళ్లింట్లోనే. ఆయన భార్య స్వరూప వదినె కొసరి కొసరి వడ్డించేది. ఇద్దరు ఆడపిల్లలు అత్తా అత్తా అని నవనీత మెడకు వేలాడేవాళ్లు. ఊరు చూపించింది కూడా ఆ కుటుంబమే. పడవమీద దీవికి తీసుకుపోయారు. ఆవిరి గదిలో కూర్చోబెట్టి, ఒళ్లు కాలిపోతుండగా చల్లటి సరస్సులోకి దూకమన్నారు. నవనీత మోకాళ్లదాకా దిగి, అమ్మో అని అరిచి, ఒడ్డుకు పరుగెత్తింది. ఆ దేశానికి వచ్చాక ఆమె గట్టిగా నవ్వింది ఆ ఒక్కరోజే. నేను గట్టుమీద సంచిలో ఉండి విన్నాను.

ఆరో వారం, గురువారం.

మూడో నంబరు మిక్సరును పొద్దున్నే కడిగి ఆపారు. నవనీత స్విచ్చుకు నన్ను వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని, వణుకు కొలిచే బిళ్లలు అంటించడానికి లోపలికి దిగింది. దిగేముందు బూట్లు విప్పి నిచ్చెన మొదట్లో జతగా పెట్టింది. నిజానికి అది నియమానికి విరుద్ధం. ఉక్కుముక్కు బూట్లు విప్పకూడదు, వాటిమీద శుభ్రమైన తొడుగులు వేసుకుని దిగాలి. హిల్కా రెండుసార్లు తిట్టింది. కానీ నలుగురు తినేది కలిపే గిన్నెలో బూటుకాలు పెట్టడానికి ఆ పిల్లకు కాలు రాదు. ఎవరూ చూడనప్పుడు విప్పేసి, మేజోళ్లమీదనే తొడుగులు వేసుకునేది.

పదకొండింటికి పని ముగించి పైకొచ్చింది. గంగాధర్ ఎదురొచ్చాడు. అప్పటికే పిండి కలపడం రెండు గంటలు ఆలస్యమైందని పైవాళ్లు ఆయన్ని వాయించారు.

“అయిపోయిందా చెల్లె?”

“అయిపోయిందన్నా. సామాను సదురుకోని తాళం తీస్త.”

“నువ్వు పోయి తినుపో, మొకం సూడు ఎట్ల గుంజుకపోయిందో. జర గా తాళంచెవి ఇటియ్యి, నేను తీసుకుంట.”

ఆయన చెయ్యి చాపాడు. నవనీత చెయ్యి జేబు దగ్గర ఆగింది. ఒక్క క్షణమే. వద్దని చెప్పాలని ఆమెకు తెలుసు. హిల్కా మాట గుర్తుంది. కానీ ఆదివారం భోజనం పెట్టే చెయ్యి ఎదురుగా చాపి ఉంది. నమ్మకం లేదా అంటాడేమో. మనసు కష్టపెట్టుకుంటాడేమో. మొహమాటం గురించి మీకో మోటు సామెత ఉందట, నవనీత వాళ్లమ్మ ఫోనులో సగం చెప్పి నాలిక కరుచుకునేది. మిగతా సగం ఆ రోజు నాకు అర్థమైంది. తాళంచెవి చేతులు మారింది.

నవనీత భోజనాల గదికి పోయింది. గంగాధర్‌కు ఫోనొచ్చింది, క్యాబినులోకి పోయాడు. నేను స్విచ్చుమీద అలాగే వేలాడుతున్నాను.

అయిదు నిమిషాలు కాలేదు, నవనీత పరుగెత్తుకుంటూ వచ్చింది. గుర్తులు పెట్టే పెన్ను లోపల మరిచిపోయింది. పిండిలో ప్లాస్టిక్కు ముక్క పడితే ఆ వాయి వాయంతా పారెయ్యాలి, ఎవరు చేశారని విచారణ చేస్తారు. ఆ భయంతో అన్నం వదిలేసి వచ్చింది. స్విచ్చు వైపు చూసింది. నేను కనబడ్డాను. ఎర్రగా, గట్టిగా, వేసిన చోటే ఉన్నాను. తాళం ఉందిగదా అనుకుంది. తాళంచెవి తన జేబులో లేదన్న సంగతి ఆ క్షణాన ఆమెకు తట్టలేదు. బూట్లు విప్పింది, జతగా పెట్టింది, దిగింది.

అయ్యా, నన్ను చూసే ఆమె దిగింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నా లోపలి స్ప్రింగులు బిగుసుకుంటాయి. లోపల ఆమె గొణగడం వినబడుతోంది. “ఏడ వడ్డదో ఏమో... దేవుడా, దొరుకాలె.”

గంగాధర్ క్యాబినులోంచి వచ్చాడు. నడకలో తొందర, చెవి దగ్గర ఫోను ఇంకా అలాగే ఉంది. తాళం తీసేముందు తొంగి చూడాలి, లోపల ఎవరైనా ఉన్నారా అని కేకెయ్యాలి. అదీ నియమమే. ఆమె పని అయిపోయిందని తనతోనే చెప్పింది కదా అని ఆయన ధీమా. తాళంచెవి నాలో పెట్టాడు.

నేను బిగుసుకుపోదామనుకున్నాను. తుప్పు పట్టి ఉంటే బాగుండేది, విరిగిపోయినా బాగుండేది. కానీ నేను మంచి సరుకును. సొంత చెవి వస్తే తెరుచుకోవడం తప్ప నాకేమీ చేతకాదు. చల్లగా తెరుచుకున్నాను. ఆయన నన్ను తీసి పక్కన పెట్టి, స్విచ్చు వేసి, పచ్చ మీట నొక్కాడు.

యంత్రం కదిలేముందు పది సెకన్లపాటు హారను మోగుతుంది. ఆ గంగాళంలోంచి పైకి రావడానికి పది సెకన్లు చాలవు. హారను మోతలో నవనీత కేక ఎవరికీ వినబడలేదు. ఉక్కు చేతిమీద కాలు పెట్టి ఎక్కబోయి జారి కింద పడింది. గంగాధర్ ఫోనులో అంటున్నాడు. “ఆఁ, స్టార్టయింది, స్టార్టయింది.” అంటూనే ఊరికే ఇటు తిరిగాడు. నిచ్చెన కింద బూట్లు కనబడ్డాయి. రెండు చిన్న బూట్లు, ఎవరింటికో వచ్చి గడప బయట విడిచినట్టు.

ఆ ఫ్యాక్టరీలో హిల్కా తప్ప ఇంకెవరు చూసినా, ఎవరివో పాత బూట్లు పడి ఉన్నాయనుకునేవాళ్లు. ఆయనకు మాత్రం అర్థమైంది. ఫోను నేల మీద పడింది. ఎర్ర మీట మీద రెండు చేతులతో గుద్దాడు. హారను ఏడో సెకనులో ఆగిందని తరవాత కంప్యూటరు చెప్పింది. హిల్కా పరుగెత్తుకొచ్చేసరికి నవనీత నిచ్చెన మీద కూర్చుని ఉంది, పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. చేతిలో పెన్ను ఉంది. గంగాధర్ నేలమీద కూలబడి ఆ బూట్లు పట్టుకుని ఏడుస్తున్నాడు.

హిల్కా ఎవర్నీ ఏమీ అడగలేదు. ఇద్దరికీ చెరో కప్పు కాఫీ ఇచ్చింది. నన్నూ తాళంచెవినీ నవనీత చేతిలో పెట్టి, “సోమవారం మీటింగు. దీన్ని తీసుకురా. తాళం ఎలా తెరుచుకుందో చెప్పాలి” అంది.

భయమంటే అంతవరకు చూసిందే అనుకున్నాను. అసలు భయం శనివారం మధ్యాహ్నం తలుపు తట్టింది. గంగాధర్, స్వరూప వదినె నవనీత గదికి వచ్చారు. వదినె చేతిలో సర్వపిండి రొట్టెల డబ్బా. ఇద్దరి కళ్లూ నిద్రలేక ఉబ్బి ఉన్నాయి. 

“చెల్లె, నేను జేసింది తప్పే” అన్నాడాయన. “రెండు రాత్రులైంది కన్ను మూస్తలేను. కండ్లు మూస్తే నీ బూట్లే కనవడుతున్నయ్. కని ఒక్క మాట. తాళంచెవి నేను అడిగిన్నంటే నా నౌకరి ఉండదు. నౌకరి పోతే ఈ దేశంల ఉండనియ్యరు.”

“పిల్లలు ఈడి బడిల ఈడి మాటలే నేర్సిన్రు” అంది వదినె. “తాళం నువ్వే తీసి, పెన్ను కోసం మల్ల దిగినవని చెప్పు నవనీతా. స్టూడెంటువు, నిన్ను పెద్దగ ఏమనరు. మీ అన్న అన్నీ కనుక్కున్నడు.”

నవనీత నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వేళ్లు చల్లగా ఉన్నాయి. “నాకు భయమైతాంది వదినె” అంది. ఆ మాటకు వాళ్లు సరేనన్నట్టు అర్థం చేసుకున్నారు. మనుషులకు కావలసిన అర్థం ఎప్పుడూ చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది. వదినె ఆమె తల నిమిరి, డబ్బా అక్కడే పెట్టి వెళ్లింది.

ఆదివారం నవనీత ఆ ఇంటికి భోజనానికి పోలేదు. సంచిలో నన్నూ ఒక ముక్క సర్వపిండినీ వేసుకుని, ఊరి చివరి అడవిలోకి ఒంటరిగా నడిచింది. అంతకుముందు ఒంటరిగా సందు మలుపు తిరిగిన పిల్ల కాదు. చెట్లన్నీ ఒకే తీరు, దారులన్నీ ఒకే తీరు. గంట తిరిగేసరికి ఎటు వచ్చిందో తెలియలేదు. ఫోనులో సిగ్నలు లేదు. ఒక బండమీద కూర్చుని నన్ను బయటికి తీసి పిడికిట్లో బిగించింది. ఆమె చెమట నాకు తగులుతోంది.

“నేనే తీసిన. తాళం నేనే తీసిన” అని చెట్లకు చెప్పి చూసింది. తేలిగ్గానే వచ్చింది మాట. మళ్లీ అంది. మూడోసారి సగంలో ఆగిపోయింది. “మల్లొచ్చే పిల్లను గూడ అన్న అట్లనే అడుగుతడు” అంది మెల్లగా. “దానికి బూట్లు ఇడిసే అలవాటు ఉంటదో ఉండదో.” ఆ తరవాత బోరున ఏడ్చింది. ఏడ్చి, సర్వపిండి తిని, వచ్చిన దారి వెతుక్కుంటూ లేచింది. కుక్కను తిప్పుతున్న ఒక ముసలాయన కనబడితే, వణుకుతూనే, బస్సు ఎక్కడని తనే ముందు అడిగింది.

సోమవారం బల్లకు ఒకవైపు మేనేజరు, హిల్కా. ఒకవైపు గంగాధర్, నవనీత. బల్లమీద నేను.

“తాళంచెవి నేనే గంగాధర్ అన్నకు ఇచ్చాను. ఆయన అడిగారు, నేను కాదనలేకపోయాను. ఇద్దరం తప్పు చేశాం” అంది నవనీత ఇంగ్లీషులో.  గంగాధర్ ఆమె వైపు తిరిగాడు. “ఎంత పని జేసినవ్ చెల్లె” అన్నాడు తెలుగులో, లోగొంతుకతో. ఏమన్నాడని మేనేజరు అడిగాడు. నవనీత తల దించుకుని, ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పింది.

హిల్కా ఒక్క ప్రశ్న వేసింది. “నేనడిగినా ఇవ్వొద్దని చెప్పాను కదా. ఎందుకు కాదనలేకపోయావు?”

“ఆయన పెద్దవాళ్లు. మా దగ్గర పెద్దవాళ్లు చెయ్యి చాపితే, మా చేతిలో ఉన్నది దానంతటదే పోతుంది.”

హిల్కా చాలాసేపు రాసుకుంది. ఎవరిని తీసెయ్యాలి అన్న మాటే అక్కడ రాలేదు. ఇలా మళ్లీ జరగకుండా ఏం చెయ్యాలన్నదే మాట్లాడుకున్నారు. నవనీతకు హెచ్చరిక కాగితం ఇచ్చారు. గంగాధర్ సూపర్‌వైజరు కుర్చీ పోయింది, ఉద్యోగం ఉంది. కొత్తగా చేరేవాళ్లకు హిల్కాతో కలిసి నియమాలు నేర్పాలన్నారు.

ఉద్యోగం నిలిచిందని సంతోషించాలి కదా. కానీ మనుషుల లెక్క వేరు. మిగిలిన ఆరు వారాలూ గంగాధర్ నవనీతతో మాట్లాడలేదు. వదినె ఫోనెత్తలేదు. ఆదివారాలు నవనీత గదిలో ఒక్కతే అన్నం వండుకుని, ముందర పెట్టుకుని ఊరికే చూసేది. నిజం చెప్పినందుకు సంతోషం ఏమన్నా కలిగిందా అంటే, నాకు కనబడలేదు. చివరి రోజు ఇంటర్నుషిప్పు పూర్తయిందన్న కాగితం చేతికొచ్చాక నన్ను హిల్కాకు అప్పగించి వెళ్లిపోయింది. ఆ తలుపు దాటేటప్పుడు వెనక్కి తిరిగి ఆయన పాత క్యాబిను వైపు చూసింది. ఆయన అక్కడ లేడు.

ఇప్పుడు నా బతుకు శిక్షణ గదిలో, ఒక చెక్కబోర్డు మీద. బోర్డుకు ఒక స్విచ్చు, ఒక ఎర్ర బల్బు ఉన్నాయి. కొత్తగా చేరినవాళ్లు నన్ను ఆ స్విచ్చుకు వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుంటారు. గంగాధర్ పాఠమంతా చెప్పి, ఎవరికీ ఇవ్వొద్దని చెప్పి, కాఫీకి లేవబోతూ, చాలా మామూలుగా, “ఆ తాళంచెవి ఒకసారి ఇటివ్వండి” అని చెయ్యి చాపుతాడు. అదే పరీక్ష. ఇచ్చినవాళ్ల కళ్లముందే నన్ను తెరిచి బల్బు వెలిగిస్తాడు. “నువ్విప్పుడు లోపలున్నావు” అంటాడు. ఏయే దేశాలవాళ్లో వచ్చారు. అందరికీ మొదటి రోజు తలూపడం వచ్చు. చాలామంది చెయ్యి జేబులోకి పోయింది. పోయిన ప్రతిసారీ నాకు ఆ హారను వినబడుతుంది. ఒకప్పుడొక సూపర్‌వైజరు, ఒక విద్యార్థిని అని ఆయన కథ చెప్పేవాడు. పేర్లు ఎప్పుడూ చెప్పలేదు.

మొన్న ఒక తెలుగమ్మాయి చేరింది. పెద్దపల్లి వైపు పిల్ల. ఆయన తెలుగులోనే అడిగాడు. “చెల్లె, జర గా తాళంచెవి ఇటియ్యి.”

“తీస్కోన్రి అన్నా” అంది నవ్వుతూ, అడగడమే ఆలస్యం అన్నట్టు.

ఆయన నన్ను తెరవలేదు. బల్బు వెలిగించలేదు. తాళంచెవి అరచేతిలో పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. 

“నవనీత అని ఒక పిల్ల ఉండె” అన్నాడు. “నీ అసొంటిదే. మా ఇంట్ల తిన్నది. గిట్లనే అడిగిన, గిట్లనే ఇచ్చింది. నా చేతులతోని నేనే ఆ పిల్లను సంపుతుంటి. ఆ పిల్ల నిజం చెప్తే, నేను మాట్లాడుడు బంద్ వెట్టిన.”

ఆ అమ్మాయి ముఖంలో నవ్వు పోయింది.  తరవాత ఒక అడుగు ముందుకేసి, భయం భయంగానే, ఆయన అరచేతిలోంచి తన తాళంచెవి తను తీసుకుంది.